సవరణ ఒకటి వేయగలరు

ఎడిటర్ గారికి,

నమస్కారం. మీ పేపర్లో ఏదైనా తప్పు పడితే మర్నాడు లోపలి పేజీలో ఓ మూలన 'సవరణ' అని రెండు మూడు వాక్యాలు వేస్తారు కదా. బళ్లో ముప్పై మూడేళ్లు తెలుగు చెప్పిన అలవాటు వల్ల ఆ మూలను నేను వదలకుండా చదువుతాను. ఈసారి నాదే ఒకటి వేయించుకోవాల్సి వచ్చింది. అదేమిటో చివర రాశాను. అది ఎలా బయటపడిందో ముందు చెప్పాలి. ఉత్తరం పొడుగైంది, నాకు తెలుసు. చోటు చాలకపోతే మధ్యలో ఎక్కడైనా కత్తిరించుకోండి. చివరి పేరా మాత్రం ఉంచండి.

నాకిప్పుడు అరవై రెండో ఏడు నడుస్తోంది. నిరుడు రిటైరయ్యాను. మొన్న వానాకాలంలో మా ఆయన స్నానాల గదిలో జారి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. రాడ్ వేశారు. చెయ్యి అతికింది గానీ బండి ఎక్సలేటర్ తిప్పేంత పట్టు ఇంకా రాలేదు. నలభై ఏళ్లుగా నేను ఆయన వెనక సీటు మీదే ఊరంతా తిరిగినదాన్ని. బ్యాంకు, కూరగాయలు, ఆయన ఫిజియోథెరపీ, అన్నింటికీ ఆటోనే అయ్యేసరికి నెల తిరిగేలోపు ఆటోలకే ఎంత పోయిందో లెక్క రాసుకుని, ఆ కాగితం చించి పారేశాను. మా అమ్మాయి పెళ్లికి ముందు నడిపిన స్కూటీ వసారాలో కవరు కప్పుకుని కూర్చుంది. ఒక పొద్దున ఆ కవరు తీసి, "నేను నేర్చుకుంటాను" అన్నాను. మా ఆయన నవ్వలేదు, వద్దనలేదు. "ముందు ఎల్‌ఎల్‌ఆర్ తీసుకో" అన్నారు, అంతే. అంటే బండి నేర్చుకునేవాళ్లకిచ్చే లర్నర్ లైసెన్స్.

మా మరిది ఇంకో సలహా ఇచ్చాడు. గంటకు 25 కిలోమీటర్లు దాటని చిన్న బ్యాటరీ బండ్లు ఉంటాయట, వాటికి లైసెన్సే అక్కర్లేదట, అది కొనుక్కో వదినా అని. నిజమే, అలాంటి బండ్లున్నాయి. కానీ ఆ బండి వెళ్లేది కూడా లారీలు తిరిగే రోడ్డు మీదే కదా. రోడ్డు సంగతి తెలియకుండా రోడ్డెక్కడం నాకు నచ్చలేదు. ఇంట్లో ఉన్న బండిని వదిలి ఇంకోటి కొనడం అసలే నచ్చలేదు.

మీసేవలో స్లాట్ బుక్ చేయించాం. ఆధార్, ఫీజు, నా వయసుకి డాక్టరు సంతకంతో ఫారం 1-ఏ అనే ఆరోగ్య పత్రం. ఇవన్నీ ఒక్క పూటలో అయిపోయాయి. పరీక్షకి ఎలా చదవాలో చెప్పడానికి పక్కింటి పిల్లాడు వచ్చాడు. తొమ్మిదో తరగతిలో నా దగ్గర చదివినవాడే, ఇప్పుడు డిగ్రీ. "మేడం, ఇరవై ప్రశ్నలు వస్తాయి. పన్నెండు కరెక్టయితే పాస్. చదివేదేం ఉండదు. మూడు జవాబులుంటాయి కదా, ఏది పొడుగ్గా ఉంటే అది ఒత్తండి" అన్నాడు.

ఆ కిటుకు పరీక్ష పేపర్లు తయారుచేసిన నాకు కొత్త కాదు. సరైన జవాబులో ఏ అనుమానానికీ తావుండకూడదని పూర్తిగా రాస్తాం. అది పొడుగవుతుంది. తప్పు జవాబులు ఏదో నింపాలని రెండు ముక్కల్లో రాసేస్తాం. తెలివైన పిల్లలు అది పట్టేస్తారు. అయినా నాకు పౌరుషం వచ్చింది. నా చేతిలో చదువుకున్నవాడు నాకు కాపీ కొట్టడం నేర్పుతాడా! వాడు ఫోన్‌లో పంపిన ప్రశ్నల పీడీఎఫ్ ముందు రోజు రాత్రి పడుకునేముందు నాలుగు పేజీలు తిరగేసి, "ఇంతేనా" అనుకుని పడుకున్నాను. చిన్నప్పటి నుంచి రోడ్డు మీదే కదా తిరుగుతున్నాం.

ఆఫీసు ఏదో రాయను. అక్కడివాళ్ల తప్పేమీ లేదు, నాతో మర్యాదగానే ఉన్నారు. పేరు పిలిచారు, తెర ముందు కూర్చోబెట్టారు, వేలితో ఒత్తమన్నారు. తెలుగు ఎంచుకున్నాను. నాకు పదకొండు మార్కులు వచ్చాయి.

పదకొండు అంటే ఒక్క మార్కు తక్కువ. ముప్పై నాలుగు దగ్గర ఆగిపోయిన పిల్లలకి ఎక్కడో ఒక చోట సగం, ఇంకో చోట సగం కలిపి ముప్పై అయిదు చేసిన చెయ్యి ఇది. యంత్రానికి ఆ జాలి ఉండదని అప్పుడే తెలిసింది. బయట బెంచీ మీద కూర్చున్న మా ఆయన నా మొహం చూసి ఏమీ అడగలేదు. ఇంటికొచ్చాక మాత్రం, "తెలుగులోనే రాశావా?" అన్నారు.

తెలుగు మీద కోపం రావడానికి అది చాలు. ఆ ప్రశ్నల్లో తెలుగు చూశారా? పాదచారులు, చోదకుడు, అధిగమించుట, సమీపించునపుడు. మనం ఏ రోడ్డు మీదైనా, ఎప్పుడైనా, "ఆ లారీని అధిగమించు" అన్నామా? ఓవర్‌టేక్ చెయ్యి అంటాం, దాటేయ్ అంటాం. నేను ముప్పై మూడేళ్లు 'అధిగమించు' అనే మాటని సొంత వాక్యంలో రాయమంటే పిల్లలంతా ఒకటే రాసేవారు: కష్టాలను అధిగమించాలి. కష్టాలకి తప్ప ఆ మాట ఇంకెందుకూ పనికిరాదన్నట్టు.

కానీ నా ఫెయిలుకి భాషని అడ్డం పెట్టుకుంటే అబద్ధమవుతుంది. ఆ మాటలన్నీ నాకొచ్చు, వాటితోనే జీతం తీసుకున్నాను. భాష అడ్డుపడింది నాకు కాదు, ఆ రోజు నా పక్కన బెంచీ మీద కూర్చున్నాయనకి. నలభై అయిదేళ్లుంటాయి. పదిహేనేళ్లుగా ట్రాక్టరు నడుపుతున్నాడట, లైసెన్స్ లేదు. ఇప్పుడు భయం పట్టుకుని వచ్చాడు. 2019లో చట్టం మార్చాక లైసెన్స్ లేకుండా నడిపితే జరిమానా 5,000 అయింది కదా. ఆ రోజుకి అది ఆయన రెండో ఫెయిలు. చదువు నాలుగో తరగతి. కూడబలుక్కుని చదవగలడు, అంతే. నేను ఊరుకోలేక అడిగాను, "ముందు పోయే బండిని ఏ పక్క నుంచి దాటేస్తావయ్యా?" అని. "కుడి దిక్కు నుంచే పోవాలె గదమ్మా. ఎడమ దిక్కు దూరితే వాడు మనల్ని సూడడు, సచ్చిపోతం." "మరి ఆ ప్రశ్నకి ఏం ఒత్తావు?" "గా అదిగ... అదేందో తెల్వక నడిమిట్ల ఒత్తిన."

ఎడిటర్ గారూ, జవాబే కాదు, ఆ జవాబుకి కారణం కూడా ఆయనకి తెలుసు. ఆయన ఫెయిలైంది రోడ్డు పరీక్షలో కాదు, నా సబ్జెక్టులో. రవాణా వాహనాల డ్రైవర్లకి ఎనిమిదో తరగతి ఉండాలన్న నిబంధనని కేంద్రం 2019లోనే తీసేసింది. బండి నడపడం వేరు, బడి చదువు వేరు అని ఒప్పుకున్నట్టే కదా. అలాంటప్పుడు ప్రశ్నల్లో ఇంకా గ్రాంథికం ఎందుకు? నేను కూర్చున్న తెర దగ్గర ప్రశ్నని చదివి వినిపించే ఏర్పాటేదీ కనపడలేదు. చెవిలో పెట్టుకునేది ఒకటిచ్చి, మనిషి మాట్లాడే తెలుగులో ప్రశ్న వినిపిస్తే ఆయన ఇరవైకి ఇరవై తెచ్చుకునేవాడేమో. ఆ తెలుగు రాసిపెట్టడానికి ఎవరూ దొరకకపోతే నేనున్నాను, పైసా అక్కర్లేదు.

ఇక నా తొమ్మిది తప్పుల సంగతి. ఏవి తప్పాయో ఇంటికి తీసుకెళ్లడానికి కాగితమేమీ ఇవ్వలేదు. జ్ఞాపకం మీద పీడీఎఫ్ ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ వెతికాను. కొన్ని వట్టి బద్ధకం తప్పులు. లర్నర్ లైసెన్స్ ఎన్నాళ్లు చెల్లుతుందంటే ఆరు నెలలకు బదులు ముప్పై రోజులు ఒత్తాను. ముప్పై రోజులు గడిచాకే అసలు డ్రైవింగ్ పరీక్షకి వెళ్లాలన్నది ఎక్కడో విని ఈ రెండూ కలిపేసుకున్నాను. ఇవి పోనివ్వండి.

రెండు తప్పులు మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు. మొదటిది, మన బండి వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే ఏం చేయాలి? నేను తడుముకోకుండా పోలీస్ స్టేషన్ అని ఒత్తేశాను. సరైన జవాబు, ముందు దెబ్బ తగిలిన మనిషికి వైద్యం అందేలా చూడాలి, ఆ తర్వాత 24 గంటల్లోపు పోలీసులకి చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ చెప్పేది ఇదే వరస. ఆసుపత్రిలో డాక్టరు కూడా కాగితాల కోసం ఆగకుండా వెంటనే చూడాలని అక్కడే ఉంది. నాలాగా చదువుకున్నదాని బుర్రలో కూడా ప్రాణం కంటే స్టేషను ముందు వచ్చిందంటే, చిన్నప్పటి నుంచి విన్న 'కేసులో ఇరుక్కుంటావ్' అనే మాట ఎంత లోపలికి దిగిందో చూడండి. దారిన పోయేవాళ్లు సాయం చేస్తే వాళ్ల మీద కేసు ఉండదని 2019 సవరణలో 134ఏ అని ప్రత్యేకంగా చేర్చారు. అది మాకు, అంటే టీచర్లకి, ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

రెండోది చాలా చిన్న ప్రశ్న. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద నడిచేవాళ్లు ఏ పక్కన నడవాలి? ఎడమ పక్కన అని ఒత్తాను. ఒత్తుతున్నప్పుడు సందేహమే రాలేదు. ఇంటికొచ్చి చూస్తే జవాబు కుడి పక్కన అని ఉంది. అచ్చు తప్పేమో అనుకున్నాను. మా ఆయన్ని అడిగాను. ఆయన లెక్కల టీచరు, ఏదైనా బొమ్మ గీస్తే గానీ ఒప్పుకోరు. కాగితం మీద రోడ్డు గీశారు, ఎడమ పక్కన బస్సు గీశారు, బస్సు ముందు ఒక మనిషిని పెట్టారు. "ఈ మనిషికి బస్సు కనపడుతుందా?" అన్నారు. వీపు వెనక నుంచి వస్తోంది, ఎలా కనపడుతుంది? తర్వాత మనిషిని కుడి పక్కకి జరిపారు. ఇప్పుడు ఆ పక్కన వచ్చే బండి ఎదురుగా ఉంది. కనపడుతుంది, తప్పుకోవడానికి టైముంటుంది. ఇంత సులువైన సంగతి.

అప్పుడు నాకు ఒళ్లు జల్లుమన్నది పరీక్ష గురించి కాదు. ప్రతి ఆగస్టు పదిహేనుకీ పొద్దున్నే ప్రభాత భేరికి పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లం. రెండు వరసలు, చేతుల్లో కాగితం జెండాలు. వెనక ఈల వేసుకుంటూ నేను: "ఎడమ పక్కకి! ఎడమ పక్కకి! లైను తప్పొద్దు!" అందులో మూడేళ్లు హైవే పక్కన ఉన్న బడిలో చేశాను. పిల్లల వీపులన్నీ లారీల వైపే ఉండేవి. ఏమీ జరగలేదు, దేవుడి దయ. ఏమీ జరగకపోవడం వల్లే అది తప్పని నాకు తెలియలేదు కూడా.

మా టీచరు మాకలా చెప్పింది, నేను పిల్లలకి అలా చెప్పాను. బండ్లు ఎడమన వెళ్లాలి కాబట్టి మనుషులూ ఎడమనే అనుకున్నాం. బండి నియమం వేరు, మనిషి నియమం వేరని ఎవరమూ ఆగి ఆలోచించలేదు.

రెండోసారికి పౌరుషం పక్కన పెట్టి పద్ధతిగా చదివాను. బోర్డుల బొమ్మలు వందకు పైగా ఉన్నాయి. ఒక్కొక్కటీ బట్టీ పడితే నా వయసులో నిలవదు. అందుకే నాకొచ్చిన విద్యనే వాడాను. గుండ్రటి ఎర్ర అంచు బోర్డులు నిషేధార్థక వాక్యాలు: ఇటు రావద్దు, ఓవర్‌టేక్ చేయవద్దు, హారన్ కొట్టవద్దు. గుండ్రటి నీలం బోర్డులు విధ్యర్థకాలు: ఎడమకే తిరగాలి, హారన్ కొట్టి తీరాలి (ఘాట్ రోడ్లకి పనికొచ్చేది). ముక్కోణాల్లో చివర 'సుమా' అని ఉందనుకోండి: ముందు మలుపు ఉంది సుమా, ఇరుకు వంతెన ఉంది సుమా. నలుచదరం నీలం బోర్డులు సామాన్య వాక్యాలు: ఇచ్చట ఆసుపత్రి కలదు, పెట్రోలు బంకు కలదు. వీటికి లొంగనివి రెండున్నాయి. ఆగు అని చెప్పే ఎర్ర బోర్డుకి ఎనిమిది మూలలు, దారి ఇవ్వమని చెప్పేది తలకిందులైన ముక్కోణం. ఆ రెండు ఆకారాలూ ఇంకే బోర్డుకీ ఉండవు. మీద దుమ్ము పట్టినా, వెనక వైపు నుంచి చూసినా గుర్తుపట్టొచ్చు. ఈ సంగతి తెలిసినప్పుడు భలే ముచ్చటేసింది, ఎవరో బుద్ధిమంతుడు కూర్చుని ఆలోచించాడు.

నో పార్కింగ్‌కి ఒక అడ్డగీత, నో స్టాపింగ్‌కి గుణకారం గుర్తులా రెండు గీతలు. పార్కింగ్ వద్దంటే మనిషిని దింపి వెళ్లిపోవచ్చు, స్టాపింగ్ వద్దంటే అదీ కుదరదు. పసుపు దీపం ఆరుతూ వెలుగుతుంటే నిదానించి జాగ్రత్తగా వెళ్లాలి. ఎర్రదీపం అలా వెలుగుతుంటే పూర్తిగా ఆగి, చూసుకుని వెళ్లాలి. ఉత్వ సంధి నిత్యం, ఇత్వ సంధి వైకల్పికం అని పిల్లలకి చెప్పేదాన్ని. నిత్యం అంటే తప్పనిసరి, వైకల్పికం అంటే జరిగినా జరగకపోయినా సరే. ఎర్రదీపం దగ్గర ఆగడం నిత్యం. మా ఊరి చౌరస్తాలో మాత్రం దాన్ని వైకల్పికం చేసేశారు.

పొద్దుటి నడకలో మా ఆయన నాకు పరీక్ష పెట్టేవారు, బోర్డు కనపడగానే "ఇదేంటి?" అని. బస్టాండు నుంచి హైవే దాకా పద్నాలుగు బోర్డులు లెక్కపెట్టాం. అందులో మూడింటిని ఎవరివో పుట్టినరోజు ఫ్లెక్సీలు కప్పేశాయి. ఒకదాన్ని వేపకొమ్మ మూసేసింది. ఒకటి లారీ తగిలి మొహం పొలాల వైపు తిప్పుకుంది, గేదెలకి చూపిస్తోంది వేగ పరిమితి. పరీక్షలో పన్నెండు మార్కులకి గుర్తుపట్టాల్సిన బోర్డు రోడ్డు మీద కనపడాలి కదా అని పంచాయతీ సెక్రటరీకి చెప్పాను. ఫ్లెక్సీలు ఒక వారం తీశారు. నేను ఆఖరి తొమ్మిదేళ్లు పనిచేసిన బడి ముందే ఒక ముక్కోణం బోర్డు ఉంది, ఇద్దరు పిల్లలు నడుస్తున్న బొమ్మ. రోజూ దాని కింద నిలబడి బస్సు కోసం చూసిన నేను తలెత్తి దాన్ని చూసింది రిటైరయ్యాక.

ప్రశ్నల్లో ఒకటి మా ఆయనకి బాగా నచ్చింది. పశువుల్ని తోలుకెళ్లే మనిషి, అవి బెదురుతాయేమోనని బండి ఆపమని చెయ్యి చూపిస్తే ఏం చేయాలి? ఆపాలి. అది చట్టంలోనే ఉంది, 132వ సెక్షన్. మా దగ్గర సాయంత్రం గొర్రెల మంద రోడ్డెక్కితే కార్లవాళ్లు హారన్ మీద నుంచి చెయ్యి తీయరు. కాపరి చెయ్యెత్తితే బూతులు. ఆ కాపరి మాటకి చట్టం విలువిచ్చిందని కాపరికీ తెలియదు, కారువాడికీ తెలియదు. ఇద్దరిలో ఒకడి జేబులో లైసెన్స్ ఉంటుంది, అంటే ఆ ప్రశ్న ఉన్న పుస్తకం ఒకసారి వాడి కళ్లముందు నుంచి వెళ్లే ఉంటుంది.

ఇంకో ప్రశ్న దగ్గర నేను పీడీఎఫ్ మూసేసి కాసేపు లేచి తిరిగాను. కాపలా లేని రైల్వే గేటు దగ్గరికి వస్తే డ్రైవరు ఏం చేయాలి? మూడు జవాబుల్లో పొడుగైనదే సరైనది: బండి ఎడమ పక్కకి ఆపి, దిగి, పట్టాల దాకా నడిచి వెళ్లి, రెండు వైపులా రైలు గానీ ట్రాలీ గానీ రావడం లేదని చూసుకుని, అప్పుడు దాటాలి. మాది ఉమ్మడి మెదక్ జిల్లా. 2014 జూలై 24, గురువారం పొద్దున మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటులో బడి బస్సుని నాందేడ్ నుంచి సికింద్రాబాద్ వెళ్లే ప్యాసింజరు గుద్దింది. ఆ పొద్దున మా బడిలో రెండో పీరియడ్ జరగలేదు. ఎవరి ఫోన్‌కో కబురొచ్చింది. ఆ బస్సులో మా అటెండరు చెల్లెలి కొడుకు ఉండాల్సింది, జ్వరమొచ్చి ఆగిపోయాడు. మిగతా పిల్లల గురించి నేను రాయలేను, మీ పేపరే అప్పుడు ఫొటోలతో వేసింది.

పక్కింటి పిల్లాడు, "మేడం, అది పొడుగు జవాబు, ఈజీ" అన్నాడు. వాణ్ణి కూర్చోబెట్టి మాసాయిపేట సంగతి చెప్పాను. అప్పటికి వాడికి ఏడెనిమిదేళ్లుంటాయి, తెలియదు. బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లన్నీ 2019 జనవరి కల్లా తీసేశారు, లేదా కాపలా పెట్టారు, లేదా కింద నుంచి దారి చేశారు. అయినా ఆ ప్రశ్న పరీక్షలో ఉంది. ఉండనివ్వండి. పాతబడిందని ఎవరైనా తీసేద్దామంటే ఒప్పుకోవద్దని నా మనవి. ఆ జవాబు పక్కన, ఎందుకు దిగి నడవాలో ఒక్క వాక్యం రాస్తే ఇంకా మంచిది. అసలు ప్రతి ప్రశ్న కిందా ఆ 'ఎందుకు' ఒక్క వాక్యం ఉండాలి. పిల్లాడికి కిటుకు దొరికింది, నాకు మా ఆయన గీసిన బొమ్మ దొరికింది. ఆ ట్రాక్టరాయనకి కారణం ముందే తెలుసు, మాట దొరకలేదు. ముగ్గురం రాసింది ఒకటే పరీక్ష.

రెండోసారి నాకు పద్ధెనిమిది వచ్చాయి. పోయిన రెండింటిలో ఒకటి నేనిప్పటికీ ఒప్పుకోను, కానీ అది మీతో కాదు, మా ఆయనతో వాదించుకుంటున్నాను. ట్రాక్టరాయన ఆ రోజు కనపడలేదు. బయట ఉన్నవాళ్లని అడిగితే ఎవరికీ తెలియదన్నారు. పక్కింటి పిల్లాడికి ఎప్పుడో పదిహేడు వచ్చాయట. అదే వారం వాణ్ణి వన్‌వేలో ఎదురు వస్తూ చూశాను. నన్ను చూసి బ్రేకు వేసి "నమస్తే మేడం" అన్నాడు. మర్యాదకేం లోటు లేదు.

ఇంకో మాట. మా బడి వెనక గోడ దగ్గర పదో తరగతి పిల్లల బండ్లు రోజూ ఆరేడు ఉండేవి. పద్ధెనిమిది నిండాలి, పదహారుకి అయితే గేర్లు లేని చిన్న బండి, అదీ తల్లిదండ్రులు ఒప్పుకుని సంతకం పెడితేనే. మైనరు నడిపితే బండి యజమానికో తండ్రికో 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు అని చట్టంలో రాశారు. తండ్రులకి చెప్తే "ఏం చేస్తాం మేడం, బస్సు లేదు" అనేవారు. అందులోనూ నిజముంది, బస్సు నిజంగానే లేదు. ఆ పిల్లలకి బండి ఎలాగూ దొరుకుతోంది, ఆ ఇరవై ప్రశ్నలు మాత్రం లైసెన్స్ వయసు వచ్చాకే దొరుకుతాయి. ఎనిమిదో తరగతి తెలుగు వాచకంలో ఒక పాఠంగా పెట్టొచ్చు వాటిని. వ్యాకరణం ఎలా కలపాలో పైన రాశాను కదా.

ఇప్పుడు నా స్కూటీకి ముందూ వెనకా తెల్ల అట్ట మీద ఎర్ర 'ఎల్' అంటించాం. వెనక సీటు మీద మా ఆయన తప్ప ఎవరూ కూర్చోకూడదు. లర్నర్ వెనక నేర్పేవాడే కూర్చోవాలి, ఆయన లైసెన్స్‌కి ఇంకా రెండేళ్ల గడువుంది. నలభై ఏళ్ల తర్వాత సీట్లు మారాం. బ్రేకు గట్టిగా వేసినప్పుడల్లా "టీచరమ్మా, నిత్యం, నిత్యం!" అని అరుస్తారు.

నేను వేయమని అడిగిన సవరణ ఇది:

1991 నుంచి నిరుటి వరకు నేను తెలుగు చెప్పిన బళ్లలో పిల్లలకి, ముఖ్యంగా ఆగస్టు పదిహేను ప్రభాత భేరిల్లో, రోడ్డు మీద ఎడమ పక్కన నడవాలని చెప్పాను. అది తప్పు. ఫుట్‌పాత్ ఉంటే దాని మీద నడవాలి. లేకపోతే కుడి పక్కన, ఎదురుగా వచ్చే బండ్లు కనపడేలా నడవాలి. పొరపాటుకు చింతిస్తున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు టీచరు,
ఉమ్మడి మెదక్ జిల్లా